ఆరినప్పుడు సంగతేంది? ఎలక్ట్రీషియన్ పరీక్షకు తయారయ్యేవాళ్ల కోసం

ప్రాక్టికల్ పరీక్షలో నాకిచ్చిన పని చాలా చిన్నది. చెక్క బోర్డు మీద ఒక బల్బు, ఒక స్విచ్, ఒక త్రీపిన్ సాకెట్, ఒక ఫ్యూజు. అప్పటికే హన్మకొండలో ఒక మేస్త్రి దగ్గర మూడేళ్లుగా ఇళ్ల వైరింగ్ చేస్తున్నాను. గంట టైమిస్తే ఇరవై నిమిషాల్లో ముగించాను. స్విచ్ వేసి, బల్బు వెలగగానే చేతులు కట్టుకుని నిలబడ్డాను. సార్ వచ్చి బల్బు వైపు చూడనైనా చూడలేదు. స్విచ్ ఆపి, బల్బు విప్పమని, హోల్డర్‌లో టెస్టర్ పెట్టారు. టెస్టర్ వెలిగింది.

"లైటైతే వెలిగింది కదా సార్" అన్నాను.

"వెలిగింది. ఆరినప్పుడు సంగతేంది?" అన్నారు.

స్విచ్‌ను ఫేజ్‌లో (కరెంటు వచ్చే తీగ) కాకుండా న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి పోయే తీగ) పెట్టాను. అలా పెట్టినా స్విచ్ వేస్తే బల్బు వెలుగుతుంది, ఆపితే ఆరుతుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు. కానీ ఆరిన బల్బు హోల్డర్‌లో కరెంటు అట్లాగే ఉంటుంది. బల్బు మార్చుదామని స్విచ్ ఆపుకుని, ధైర్యంగా స్టూలెక్కిన మనిషికి షాక్ కొడుతుంది. ఆ ఏడు ఫెయిలయ్యాను. కోపం కూడా వచ్చింది. మూడేళ్లలో ఎన్ని ఇళ్లలో ఇదే తప్పు చేసి ఉంటానో లెక్కేసుకున్నాక ఆ కోపం పోయింది.

ఇప్పుడు పరీక్షకు పోయే పిల్లలు నా దగ్గరికి వస్తే ముందు ఈ కథే చెప్తాను. పరీక్షలో చూసేది పని నడుస్తోందా అని కాదు. పని నడవనప్పుడు, చెడిపోయినప్పుడు, ఎవరో తెలియక ముట్టుకున్నప్పుడు ఏమవుతుందో నీకు తెలుసా అని. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే.

ఇంతకీ ఏ పరీక్ష?

వరంగల్, కరీంనగర్ వైపు ఎవరైనా "ఎలక్ట్రీషియన్ పరీక్ష రాస్తున్నా" అంటే అది అయిదారు రకాల్లో ఏదైనా కావచ్చు. ఒక పరీక్షకు చదవాల్సింది ఇంకోదానికి చదివి, ఒక కాగితం చేతిలో పెట్టుకుని ఇంకో పనికి పోయి వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది. ముందు ఈ చిక్కు విడదీయాలి.

ఐటీఐ సంగతి అందరికీ తెలుసు. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్, చివర్లో పరీక్ష, పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. ఎనిమిదో తరగతితోనే చేరగలిగే వైర్‌మన్ ట్రేడ్ కూడా ఉంది. తర్వాత ఏదైనా ప్లాంటులో అప్రెంటిస్ చేసి దాని పరీక్ష కూడా దాటితే అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. రామగుండం, చెల్పూరు విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల పిల్లలకు ఈ దారి బాగా తెలుసు. ఇవి చదువు కాగితాలు. నువ్వు నేర్చుకున్నావని చెప్తాయి.

పని చేయడానికి చట్టం అడిగే కాగితం వేరు. 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు పెట్టింది. 2010 నాటి నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. వాటిలో మూడు మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి, అందరూ కలిపేసేదీ వాటినే. చేత్తో వైరింగ్ చేసేవాడికి కావాల్సింది పర్మిట్. ఆ పనిని దగ్గరుండి చూసే సూపర్‌వైజర్‌కు కావాల్సింది కాంపిటెన్సీ సర్టిఫికెట్. పనిని తన పేరు మీద ఒప్పుకుని సంతకం పెట్టే కాంట్రాక్టర్‌కు కావాల్సింది లైసెన్సు. వీటిని ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, ఆ పని విద్యుత్ తనిఖీ విభాగం చూస్తుంది. కరెంటు బిల్లు వసూలు చేసే సంస్థకు దీనితో సంబంధం లేదు. చాలామంది ముందు అక్కడికే పోయి అడుగుతారు.

బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చడం లాంటి చిన్న పనులకు మినహాయింపు ఉంది. వైరింగ్ సామర్థ్యం గానీ దాని తీరు గానీ మారే పనైతే ఆ మినహాయింపు వర్తించదు. కొత్త గదికి లైన్ లాగడం, ఏసీకి వేరే వైరు వేయడం ఆ లెక్కలోకి వస్తాయి. ఊళ్లలో పర్మిట్ లేకుండానే ఇళ్లకు ఇళ్లు వైరింగ్ అయిపోతున్నాయి, ఎవరడుగుతున్నారు అంటారు. పాయింటుకు ఇంత అని మాట్లాడుకునే ఇంటి పనిలో ఎవరూ అడగరు, నిజమే. అపార్ట్‌మెంటు పనో ఆసుపత్రి పనో దొరికిన రోజు కాంట్రాక్టరే జిరాక్సు అడుగుతాడు.

గోదావరిఖని, భూపాలపల్లి వైపు వాళ్లకు ఇంకో ముడి ఉంది. గనిలో విద్యుత్ పనికి సూపర్‌వైజర్‌గా ఉండాలంటే మామూలు సూపర్‌వైజర్ సర్టిఫికెట్ చాలదు, అందులో గనుల విభాగం ప్రత్యేకంగా ఉండాలి.

మూడో రకం ఆర్‌పీఎల్. బడిలో కాకుండా పనిలోనే నేర్చుకున్నవాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇదొక భాగం. కొద్దిపాటి శిక్షణ, తర్వాత పరీక్ష. మేస్త్రి వెంట తిరిగి పని నేర్చినవాళ్లకు ఇది మంచిదే. అయితే ఆర్‌పీఎల్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పర్మిట్ ఉన్నట్టు కాదు. ఈ ఒక్క మాట ముందే చెప్పేవాళ్లు లేక ఎంతమంది నెలలు పోగొట్టుకున్నారో.

నాలుగోది ఉద్యోగానికి పోటీ పరీక్ష. ఉత్తర తెలంగాణకు కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ ఆఫీసు హన్మకొండ నక్కలగుట్టలోనే ఉంది. జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్ పడితే నగరమంతా కోచింగ్ బోర్డులే. అందులో రాత పరీక్షతో పాటు స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. అది మగవాళ్ల పని అని చాలాకాలం అనుకున్నారు. కోర్టు దాకా పోయి ఆ పరీక్ష రాసే అవకాశం తెచ్చుకుని, స్తంభం ఎక్కి చూపించి, సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష 2021లో లైన్‌ఉమన్ అయ్యింది. అయిదోది గల్ఫ్ పోయేవాళ్ల ట్రేడ్ టెస్టు. దాని సంగతి తర్వాత చెప్తాను.

సిలబస్‌లు వేరు, ఫీజులు వేరు, తేదీలు మారుతుంటాయి. నోటిఫికేషన్ చూసుకోవాల్సిందే. కానీ ఏ పరీక్షలోనైనా ప్రాక్టికల్‌లో, నోటి ప్రశ్నల్లో తిరిగేది అవే నాలుగైదు విషయాల చుట్టూ.

కరెంటు లేదని నీకెట్లా తెలుసు?

మొదటిది ఇదే. మెయిన్ ఆపాను కాబట్టి లేదు అంటే ఆ జవాబుకు మార్కులు పడవు. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు ఉంటుంది. పక్కింటి నుంచి న్యూట్రల్ కలిసి ఉండొచ్చు. నువ్వు లోపల పని చేస్తుంటే ఇంటాయన బయటి నుంచి వచ్చి "ఎవరో మెయిన్ ఆపేశారే" అని వేయొచ్చు.

లైన్‌మన్‌లకు దీనికి మంచి అలవాటుంది. వాళ్లు ఎల్‌సీ తీసుకుంటారు, అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో ఫలానా ఫీడర్ (అక్కడి నుంచి బయల్దేరే లైన్) ఆపామని ఆపరేటర్ చెప్పి రాసుకున్నాక, పని దగ్గర లైన్‌కు ఎర్త్ రాడ్లు తగిలించి, అప్పుడే తీగ ముట్టుకోవాలి. పనయ్యాక ఎల్‌సీ తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. ఊళ్లలో లైన్‌మన్ వెంట తిరిగే ప్రైవేటు పిల్లలు చనిపోతున్నది ఈ వరుస తప్పినప్పుడే. ఫీడర్ ఒకటి ఆపి స్తంభం ఇంకోటి ఎక్కడం, లేదా ఫోన్లో "ఆపినవా?" అంటే "ఆ" అన్నాడని ఎక్కడం.

ఇంటి పనిలో ఆ వరుసే చిన్నగా ఉంటుంది. ఏ సర్క్యూటో గుర్తించాలి. ఆపాలి. తిరిగి ఎవరూ వేయకుండా చేయాలి. టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న చోట చూసుకోవాలి. తర్వాత పని చేయాల్సిన చోట చూడాలి. ఆ తర్వాత మళ్లీ ఒకసారి కరెంటున్న చోట చూడాలి. ఈ చివరిది అందరూ మర్చిపోతారు. మధ్యలో టెస్టరే చెడిపోయి ఉంటే? వెలగలేదంటే కరెంటు లేదనుకుంటాం, నిజానికి లేనిది టెస్టర్‌లో ప్రాణం.

మా మేస్త్రి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. భోజనానికి పోయినా అది జేబులోనే. ఇంటివాళ్లు ఎంత తిట్టినా ఇచ్చేవాడు కాదు. ఫ్యాక్టరీల్లో తాళం వేసి ట్యాగు కట్టి చేసే లాకౌట్ అంటే అదేనని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే తమంతట తామే పడిపోయే స్విచ్‌లు) వచ్చాక జేబులో వేసుకోవడానికి ఏమీ లేదు కాబట్టి తాళం క్లిప్పు కొనుక్కోవాలి, లేకపోతే కనీసం టేపు వేసి "పని జరుగుతోంది" అని చీటీ అంటించాలి. బ్రిటన్‌లో ఎలక్ట్రీషియన్లకు పెట్టే ఏఎం2 అనే పరీక్షలో కూడా ఇట్లా సురక్షితంగా సప్లయ్ వేరుచేసి చూపించడం ఒక భాగం.

ముప్పై నలభై రూపాయల నియాన్ టెస్టర్‌నే నమ్ముకోవద్దు. పొడి స్టూలు మీద, రబ్బరు చెప్పులతో నిలబడితే అది మసకగా వెలగొచ్చు. మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయాలి: ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య. నోటి ప్రశ్నల్లో తరచూ వచ్చేది ఒకటుంది: "సాకెట్‌లో రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతోంది, ఏ పరికరమూ నడవట్లేదు. ఏమైంది?" న్యూట్రల్ తెగింది. స్విచ్ వేసి ఉన్న ఏదో బల్బు గుండా, ఫ్యాను గుండా ఫేజ్ అటు తిరిగి న్యూట్రల్ తీగలోకి వచ్చింది. అన్ని స్విచ్‌లూ ఆపేస్తే రెండో రంధ్రంలో వెలుగు పోతుంది. ఈ చివరి వాక్యం కూడా చెప్తే అడిగినవాళ్ల ముఖం మారుతుంది.

ఎర్త్ ఉంది కదా, ఇంకేం భయం?

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఎక్కువమంది బట్టీ పట్టేదీ, తక్కువమందికి అర్థమయ్యేదీ ఇదే.

బట్టీ జవాబు అందరికీ వచ్చు. 38 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్ల పొడవు, చుట్టూ ఉప్పు, బొగ్గు పొరలు, పైన నీళ్లు పోయడానికి గరాటు. ప్లేట్ ఎర్తింగ్ అయితే 60 సెంటీమీటర్ల చదరపు రేకు. ఇంటికి ఎర్త్ నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉండాలని ఐటీఐ పుస్తకాల్లో చదువుకుంటాం. ఎందుకు అని అడిగితే "షాక్ కొట్టకుండా" అంటారు. ఎట్లా అంటే మౌనం.

మన ఎండాకాలపు కూలర్‌నే తీసుకోండి. లోపల ఫేజ్ తీగ ఇన్సులేషన్ పోయి రేకుకు తగిలింది. ఎర్త్ బాగానే ఉంది, 5 ఓమ్‌లు. కరెంటు రేకు నుంచి ఎర్త్ వైరు గుండా మన ఎర్త్ గుంతలోకి, అక్కడి నుంచి నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌లోకి పోయి చుట్టు పూర్తి చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 2 ఓమ్‌లు అనుకుందాం. మొత్తం 7 ఓమ్‌లు. 230ని 7తో భాగిస్తే దాదాపు 33 ఆంపియర్లు.

మెయిన్‌లో 32 ఆంపియర్ల ఎంసీబీ ఉందనుకోండి. 33 ఆంపియర్లు దానికి ఒక లెక్కే కాదు. తన రేటింగ్‌కు 1.13 రెట్ల వరకు, అంటే 36 ఆంపియర్ల దాకా, గంటసేపు పడకుండా ఉండేలాగే దాన్ని తయారుచేస్తారు. అది పడదు. మన ఇళ్లలో మామూలుగా వాడే సీ రకం వెంటనే పడాలంటే అయిదు నుంచి పది రెట్లు కావాలి, అంటే 160 ఆంపియర్లకు పైన. మరి కూలర్ రేకు మీద ఎంత వోల్టేజీ నిలబడి ఉంటుంది? 33 ఆంపియర్లు, 5 ఓమ్‌లు: 165 వోల్టులు. ఎర్త్ బాగుండి, ఎంసీబీ బాగుండి, కూలర్ రేకు మీద 165 వోల్టులు! కింద నీళ్లు. పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతుంటారు.

ఆర్‌సీసీబీ కావాల్సింది ఇందుకే. ఫేజ్‌లో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని మాత్రమే అది చూస్తుంది. రెండింటి మధ్య తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకన్ల లోపు పడిపోవాలి. ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లదే పెట్టాలి. 100, 300 ఉన్నవి మనిషి ప్రాణం కోసం కాదు. ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే చాలదు, అది ఓవర్‌లోడ్‌ను చూడదు. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ని అది కాపాడదు, ఎందుకంటే దాని లెక్కలో వాడూ ఒక బల్బే.

"ఆర్‌సీసీబీ ఊకె పడుతోందన్నా" అని దాన్ని తీసేసి డైరెక్ట్ చేసేవాళ్లను నేను చాలా చూశాను. పది ఇళ్లలో ఏడెనిమిది ఇళ్లలో కారణం ఒకటే, ఒక సర్క్యూట్ న్యూట్రల్ ఇంకో సర్క్యూట్‌కు కలిపి ఉంటుంది, లేదా న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగిలి ఉంటుంది. ఇది నా చేతి లెక్క, సర్వే కాదు. పడుతోందంటే అది పనిచేస్తోందన్నమాట. పరీక్షలో ఈ తప్పును కావాలనే పెట్టి వెతకమంటారు కూడా.

మూడు ఫేజుల మోటారుకు రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలన్నది కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఒకటి ఊడినా ఇంకోటి ఉండాలని.

వైరు, ఎంసీబీ గురించి ఒక్క ముక్క

ఎంసీబీ వైరును కాపాడటానికి, ఏసీని కాపాడటానికి కాదు. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, పవర్ సాకెట్‌కు 2.5, ఏసీకి 4 వేయడం మన దగ్గర మామూలు. 1.5 వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెట్టి చూపించి "తప్పేంది?" అంటారు. వైరు కాలేదాకా ఎంసీబీ పడదు, అదే తప్పు. లైట్ల సర్క్యూట్‌లో పది పాయింట్లు లేదా 800 వాట్లు, పవర్ సర్క్యూట్‌లో రెండు సాకెట్లు, 3000 వాట్లు అనే పాత లెక్క రాత పరీక్షల్లో ఇప్పటికీ వస్తుంది. 2000 వాట్ల గీజరు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో, 230తో భాగించి నోటితో చెప్పగలగాలి. తొమ్మిదికి కొంచెం తక్కువ.

మెగ్గర్ పట్టుకున్నావా ఎప్పుడైనా?

ఇళ్ల వైరింగ్ చేసేవాళ్లలో మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటర్, ఉన్నవాళ్లు తక్కువ. పరీక్షలో అది మొదటిసారి చేతికి వస్తే టెన్షన్ తప్పదు. ఐటీఐలో తెలిసినవాళ్లుంటే, మోటార్లు వైండింగ్ చేసే షాపుంటే, అక్కడికి పోయి రెండు రోజులు తిప్పి చూడండి. వైండింగ్ షాపులో అది రోజూ వాడతారు.

మెగ్గర్ 500 వోల్టుల డీసీ పంపి ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూస్తుంది. ఒక నిమిషం పాటు పెట్టాక ప్రతి తీగకూ ఎర్త్‌కూ మధ్య కనీసం ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) రావాలి. పాత సూత్రం ఒకటుంది, 50ని పాయింట్ల సంఖ్యతో భాగించాలి. ఇరవై పాయింట్లుంటే 2.5 వస్తుంది. అయితే ఒకటికి మించి ఉండి తీరాలని అడగరు.

మార్కులు పోయేది కొలతలో కాదు, కొలిచే ముందు. మెయిన్ ఆపకుండా మెగ్గర్ పెట్టినవాళ్లు ఉన్నారు, అక్కడితో పరీక్ష అయిపోతుంది. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య చూసేటప్పుడు బల్బులు తీసేయాలి, స్విచ్‌లు మాత్రం వేసి ఉంచాలి. బల్బు ఉంటే దాని ఫిలమెంట్ గుండా పోయి సున్నా చూపిస్తుంది. స్విచ్ ఆపి ఉంటే స్విచ్ అవతలి తీగ పరీక్షే కాలేదు. ఇప్పటి ఇళ్లలో ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు, ఇన్వర్టర్ ఉంటాయి. 500 వోల్టులకు అవి పోతాయి, ముందే విడదీయాలి. విడదీశానని నోటితో చెప్పాలి కూడా. పరీక్షలో మనసులో చేసిన పనికి మార్కుల్లేవు.

బోరు మోటారు దగ్గర మన అలవాటు

మన వైపు ఎలక్ట్రీషియన్‌కు స్టార్టర్ డబ్బా అంటే ఇంటి గడప. అర్ధరాత్రి పిలిచినా బ్యాటరీ లైటు వెలుగులో రిలే సరిచేసి వస్తాడు. మూడు ఫేజుల అయిదు హెచ్‌పీ మోటారు ఎంత తీసుకుంటుందంటే ఠక్కున "ఏడున్నర" అంటాడు, హెచ్‌పీకి ఒకటిన్నర ఆంపియరు లెక్కన. అది సరైనదే. ఓవర్‌లోడ్ రిలేను (మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటే ఆపేసేది) మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల దగ్గర పెట్టాలి, ఇంకా పైకి తిప్పకూడదు. ఒక ఫేజ్ పోతే మిగతా రెండు ఫేజుల్లో కరెంటు ఎక్కువై వైండింగ్ మాడుతుంది. ఇవన్నీ మనవాళ్లకు వచ్చు.

దెబ్బతినేది "నో-వోల్ట్ కాయిల్ ఎందుకు?" అన్నప్పుడు. స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కి వదిలాక కాంటాక్టర్‌ను (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పట్టి ఉంచేది ఆ కాయిలే. కరెంటు పోతే అది వదిలేస్తుంది. కరెంటు తిరిగి వచ్చినా మోటారు దానంతట అది తిరగదు, మనిషి వచ్చి మళ్లీ బటన్ నొక్కాలి. ఎందుకంటే ఆ లోపు ఎవరైనా మోటారు దగ్గర చెయ్యి పెట్టి ఉండొచ్చు. ఊరంతటి మోటార్లు ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు.

మరి మనం ఏళ్లుగా చేసిందేంటి? రాత్రిపూట వంతుల వారీగా కరెంటు వచ్చే రోజుల్లో నిద్ర చెడకుండా ప్రతి బావి దగ్గరా, కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే ఆటోస్టార్టర్ పెట్టాం. ఆ కాయిల్ చేసే మేలును మన చేత్తోనే తీసేశాం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను అడిగింది. రైతును తప్పుబట్టను, పాము తిరిగే చీకట్లో బావి దగ్గరికి పోయేది ఆయనే. కానీ పరీక్షలో ఈ ప్రశ్న వస్తే అలవాటు చెప్పే జవాబు ఒకటి, రాయాల్సిన జవాబు ఒకటి. రెండూ తెలిసి ఉండటమే ఇక్కడ పనితనం.

నోటికి రావడం

మేస్త్రుల వెంట తిరిగినవాళ్లది ఒకటే బాధ. చేతికి తెలుసు, నోటికి రాదు. డీఓఎల్ స్టార్టర్ (మోటారును నేరుగా లైన్‌కు కలిపేది) కళ్లు మూసుకుని కలుపుతాడు, గీయమంటే గీయలేడు. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. పనికి పోయిన ప్రతి చోటా, సాయంత్రం ఆ రోజు కలిపిన సర్క్యూట్‌ను కాగితం మీద గీయడం. మెట్ల దగ్గరి టూవే స్విచ్, గోడౌన్ వైరింగ్, స్టార్టర్, స్టార్-డెల్టా. నెల రోజులు చేస్తే చెయ్యి తిరుగుతుంది. తర్వాత ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి చెప్పండి. మా ఆవిడకు ఆర్‌సీసీబీ గురించి నేను చెప్పినన్నిసార్లు ఎవరూ చెప్పి ఉండరు. "అయితే మన కూలర్‌కు ఉందా అది?" అని ఆమె అడిగిన రోజు నాకు అర్థమైంది, నాకూ సరిగ్గా వచ్చిందని. ఇంట్లో అప్పటిదాకా లేదు.

పదాలు తెలుగులో చెప్పాలా ఇంగ్లిషులోనా అని భయపడొద్దు. ఫేజ్, న్యూట్రల్, రిలే అనే మాటలు ఎట్లాగూ ఆ భాషవే. వాక్యం మీ తెలుగులో ఉంటే చాలు.

షాక్ తగిలినవాణ్ని ఏం చేస్తావు అనేది దాదాపు తప్పకుండా అడుగుతారు. ముందు సప్లయ్ ఆపాలి. ఆపలేకపోతే పొడి కట్టెతో నెట్టాలి, హెచ్‌టీ లైన్ (ఎక్కువ వోల్టేజీ లైన్) అయితే ఆ కట్టె కూడా పనికిరాదు, దగ్గరికే పోవద్దు. ఊపిరి లేకపోతే 108కి చెప్పించి, ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, ముప్పైసార్లకు రెండు ఊపిర్లు. కరెంటు మంటకు నీళ్లు వాడకూడదు, కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి సిలిండర్ వాడాలి.

గల్ఫ్ టెస్టు

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ పిల్లలకు ఇదే అసలు పరీక్ష. ఇంతకుముందు ఏజెంటు చూపించిన చోట ట్రేడ్ టెస్టు ఉండేది. ఇప్పుడు సౌదీ అరేబియా తనే స్కిల్ వెరిఫికేషన్ ప్రోగ్రామ్ పెట్టి, ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటి పనులకు ఇక్కడే రాత, ప్రాక్టికల్ పెడుతోంది.

పని తెలిసినవాడు అక్కడ ఎందుకు చిక్కుతాడంటే, రంగులు. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అంతర్జాతీయ ఐఈసీ పద్ధతిలో గోధుమ, నలుపు, బూడిద రంగులు ఫేజులు, నీలం న్యూట్రల్. అంటే మనం న్యూట్రల్ అనుకుని నిశ్చింతగా ముట్టుకునే నల్ల తీగ అక్కడ ఫేజ్. మన ఫేజ్ నీలం అక్కడ న్యూట్రల్. రెండు పట్టికలు పక్కపక్కన రాసుకుని గోడకు అంటించుకోండి. యూఏఈ, ఖతార్ లాంటి చోట్ల చదరపు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, ఫ్యూజు ప్లగ్గులోనే ఉంటుంది. చూడని వాళ్లు సాకెట్ అంతా విప్పి వెతుకుతారు.

పరీక్ష రోజు

సామాను ముందు రోజే సర్దుకోవాలి. సొంత కట్టింగ్ ప్లయర్, స్క్రూడ్రైవర్లు, టెస్టర్, మల్టీమీటర్‌లో కొత్త బ్యాటరీ. కాటన్ బట్టలు, బూట్లు. చేతి ఉంగరం, కడియం తీసేయాలి, ఇవి చూసి కూడా మార్కులు వేస్తారు. ప్రశ్నాపత్రం అందగానే ప్లయర్ పట్టుకోకుండా ముందు బొమ్మ గీయాలి. పదినిమిషాలు పోయినా ఫరవాలేదు.

పోయిన ఏడు పరకాల దగ్గర ఊరి పిల్లాడొకడు ప్రాక్టికల్‌కు పోయాడు. అందరికంటే ఆలస్యంగా ముగించాడట. స్విచ్ వేస్తే బల్బు వెలగలేదు. పక్కవాళ్లు నవ్వారు. వాడు స్విచ్ ఆపి, ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని, టెస్టర్‌ను ముందు కరెంటున్న గోడ సాకెట్‌లో, తర్వాత హోల్డర్‌లో, మళ్లీ గోడ సాకెట్‌లో చూశాడు. మల్టీమీటర్‌తో బల్బు రెండు కొసలూ చూశాడు.

"లైన్ మంచిగనే ఉంది సార్. మీరిచ్చిన బల్బే పోయింది" అన్నాడట.